రాళ్ళ మెట్టలో వైన్ ద్రాక్ష: ఏ వేరు, ఏ రకం, ఏ నెలలో కటింగ్?

2025 వేసవిలో తోతాపురి లోడు ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. చివరికి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అప్పటి నుంచి మా చిత్తూరు జిల్లా వైపు నలుగురు రైతులు కలిస్తే చాలు, "మామిడి కాకపోతే ఇంకేం పెడదాం?" అన్న మాటే. పలమనేరు, వి.కోట, బైరెడ్డిపల్లె, కుప్పం వైపు గుండ్లూ గరుసూ తప్ప మన్ను కనిపించని మెట్ట ఉన్నవాళ్ళు కొందరు వైన్ ద్రాక్ష గురించి అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. సరిహద్దు దాటి దొడ్డబళ్ళాపురం, నంది కొండల వైపు వెళ్తే 1990ల నుంచీ వైన్ తయారవుతోంది. నేల దాదాపు ఇలాంటిదే, ఎత్తు మనకంటే కాస్త ఎక్కువ.

మాది పలమనేరు వైపు మెట్ట. 2018లో పనికిరాదని వదిలేసిన రాళ్ళ చేలో 40 సెంట్లు చదును చేసి, వరసకు వరసకు 8 అడుగులు, మొక్కకు మొక్కకు 4 అడుగుల ఎడంతో 540 మొక్కల దాకా పెట్టాను. ద్రాక్షలో కింద ఒక జాతి వేరుమొక్క పెట్టి, దాని మీద కాసే పైరకాన్ని అంటు కడతారు. నేను సగం ఒక వేరు మీద, సగం ఇంకో వేరు మీద కట్టించాను. పైన ఎక్కువగా షిరాజ్ అనే ఎర్ర వైన్ రకం, కొన్ని వరసలు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల రకం. ఒక ఏడాది పంట మొత్తం పోయింది, రెండేళ్ళు బాగా వచ్చింది, మిగతా ఏళ్ళు అంతంతమాత్రం. ఆ అనుభవంతోనే ఈ పోలిక రాస్తున్నాను. మొక్కలు కొనేముందు చదివితే ఒకటి రెండు తప్పులైనా తగ్గుతాయి.

రాయికి భయపడొద్దు, బండ ఉంటే ఆగండి

రాళ్ళ నేల అంటే ద్రాక్షకు శిక్ష అనుకుంటాం. నిజానికి తీగకు బలిసిన నేలే ఎక్కువ చేటు. నేల మరీ సారంగా ఉంటే తీగ ఆకు మీదే పడుతుంది. కాయ ఉబ్బి నీళ్ళగా తయారవుతుంది, రంగు తేలిపోతుంది. వైన్‌కు కావలసింది చిన్న గింజ, మందమైన తోలు. ఈ రెండూ గరుసు నేలలో వాటంతట అవే వస్తాయి. స్పెయిన్‌లోని ప్రియోరాట్‌లో పలకరాయి మధ్య, ఫ్రాన్స్‌లోని షాటోనెఫ్‌-దు-పాప్‌లో గుండ్రాళ్ళ మీద పేరున్న తోటలు ఉన్నది అందుకే.

అయితే రాయికీ బండకూ తేడా చూడాలి. జేసీబీ పిలిపించి చేలో పైన, మధ్యన, కింద నాలుగడుగుల లోతున మూడు గుంతలు తీయించండి. అడుగున చేత్తో నలిపితే పొడయ్యే మెత్తరాయి, సందుల్లో ఎర్రమన్ను కనిపిస్తే మంచిదే, వేరు ఆ సందులు పట్టుకుని దిగుతుంది. అడుగున్నరకే అతుకు లేని బండ తగిలితే ఆ భాగం వదిలేయండి. సాయంత్రం గుంత నిండా నీళ్ళు పోసి పొద్దున చూడండి. నీళ్ళు ఇంకా నిలిచి ఉంటే నవంబరులో వేరు కుళ్ళుతుంది. ఈ పరీక్షకు జేసీబీ గంట అద్దె తప్ప ఖర్చు లేదు. నేను మొదట ఇది చేయలేదు. చేసుంటే కింది వరసల్లో 60 మొక్కలు మిగిలేవి.

నీళ్ళు: ఎన్ని, ఎలాంటివి

8×4 ఎడంలో ఎకరాకు సుమారు 1,360 మొక్కలు పడతాయి. ఎండాకాలంలో మొక్కకు రోజుకు 10 లీటర్లు అనుకుంటే ఎకరాకు 13,600 లీటర్లు కావాలి. బోరు గంటకు 2,000 లీటర్లు పోస్తే దాదాపు ఏడు గంటలు నడవాలి. పగటి తొమ్మిది గంటల కరెంటుతో ఎకరా గట్టెక్కుతుంది, రెండెకరాలు గట్టెక్కవు. ఈ లెక్క మీ బోరుతో మీరే వేసుకోండి. "వైన్ ద్రాక్షకు నీళ్ళు అక్కర్లేదు" అనే మాట నాకూ చెప్పారు. వేరు లోతుకు దిగిన తోటకు అది కొంతవరకు నిజం. మొదటి మూడేళ్ళు మాత్రం డ్రిప్పు లేకుండా మన ఎండల్లో మొక్క బతకదు.

నీళ్ళలో ఉప్పు కూడా పరీక్ష చేయించాలి. రిపోర్టులో ఈసీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1 లోపు ఉంటే టెన్షన్ లేదు. 1 దాటితే ఏ వేరు పెట్టాలన్న నిర్ణయం అక్కడే మారిపోతుంది.

కొనేవాళ్ళు ముందు, మొక్కలు తర్వాత

దీని గురించి కొద్దిగానే చెబుతాను, కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. వైన్ ద్రాక్షకు మండీ లేదు. చిన్న కాయ, గింజలు, మందం తోలు. తినేవాళ్ళు కొనరు. లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ చేయడం నేరం. కాబట్టి కర్ణాటకలోని ఏదో ఒక వైనరీతో రకం, బ్రిక్స్ (రసంలో తీపి కొలత), ధర, కోత కూలీ ఎవరిది, తిరస్కరిస్తే ఏమిటి అన్నవి కాగితం మీద రాయించుకున్నాకే గుంత తవ్వండి. మొదటి పంటప్పుడు నాకు నోటిమాటే ఉండింది. 22 బ్రిక్స్ అడిగారు, నా కాయ 20 దగ్గర ఆగింది, ధర సగానికి కోశారు. నా దగ్గర చూపించడానికి కాగితం లేదు.

వేరు ఎంపిక: డాగ్‌రిడ్జ్, 110ఆర్, 1103పి, 140రు

ద్రాక్షలో పైరకం గురించి అందరూ మాట్లాడతారు, కింది వేరు గురించి తక్కువ. రాళ్ళ మెట్టలో తోట నిలిచేదీ పడేదీ ఈ వేరు మీదే. యూరప్‌లో అంటు వేళ్ళు వచ్చింది 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు తోటలను తుడిచిపెట్టాక. మన దేశంలో వాటిని వాడేది ప్రధానంగా కరువు, ఉప్పు నీళ్ళు తట్టుకోవడానికి. అందుకే యూరప్ పట్టికలు చూసి ఎంచుకుంటే మన అవసరం తప్పిపోతుంది.

| చూడాల్సింది | డాగ్‌రిడ్జ్ | 110ఆర్ | 1103పి | 140రు |
|---|---|---|---|---|
| కరువు తట్టుకోవడం | బాగా | చాలా బాగా | బాగా | చాలా బాగా |
| ఉప్పు నీళ్ళు | బాగా | మధ్యస్థం | బాగా | బాగా |
| తీగ జోరు | మరీ ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |
| నీళ్ళు నిలిస్తే | కష్టం | తట్టుకోదు | కొంత తట్టుకుంటుంది | కష్టం |
| సున్నం నేల | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | చాలా బాగా |
| మొక్క దొరకడం | సులువు | వెతకాలి | వెతకాలి | అరుదు |

డాగ్‌రిడ్జ్ టెక్సాస్ అడవి ద్రాక్ష. మహారాష్ట్రలో, కర్ణాటకలో తినే ద్రాక్ష తోటలు చాలావరకు దీని మీదే నిలబడ్డాయి. నర్సరీకి వెళ్ళి వేరుమొక్క అడిగితే చేతికిచ్చేది కూడా ఇదే. నాకు మొక్కలు అమ్మినాయన "ఏ నేలకైనా ఇదొక్కటే చాలు" అన్నాడు. మా చేలో పై భాగంలో, మన్ను అడుగు కూడా లేని చోట అది నిజమైంది. మిగతా వేళ్ళు డస్సిపోయే చోట డాగ్‌రిడ్జ్ పచ్చగా నిలిచింది. కింది భాగంలో, రెండడుగుల మన్ను ఉన్న చోట, అదే వేరు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. తీగలు మోకుల్లా సాగాయి, ఆకు మీద ఆకు పడి లోపల చీకటైంది. మరుసటి ఏడాది ఆ తీగల కన్నుల్లో గెల లేదు. ద్రాక్షలో వచ్చే ఏడాది గెల ఈ ఏడాది కన్నులోనే తయారవుతుంది, ఆ కన్నుకు ఎండ తగలాలి. పైగా డాగ్‌రిడ్జ్ పొటాష్‌ను ఎక్కువగా లాగుతుంది. దాంతో రసంలో పులుపు పడిపోతుంది, వైన్ చేసేవాళ్ళు మొహం చిట్లిస్తారు.

110ఆర్ నెమ్మదైనది. మొదటి రెండేళ్ళు చూస్తే "ఇది పెరగదు" అనిపిస్తుంది. కొమ్మ ముక్కలు నాటితే తేలిగ్గా వేరు పోసుకోవు కాబట్టి నర్సరీలో మొక్క ధర ఎక్కువ. మూడో ఏట నుంచి దాని విలువ తెలుస్తుంది. తీగ అదుపులో ఉంటుంది, ఆకు కోసే కూలీ తగ్గుతుంది, కాయకు రంగు వస్తుంది. మా తోటలో 22 బ్రిక్స్ దాటిన గెలలన్నీ ఈ వరసల్లోవే. దీని బలహీనత ఒకటే, తడి. నీళ్ళు నిలిచే పల్లంలో దీన్ని పెట్టకండి. నేను పోగొట్టుకున్న ఆ 60 మొక్కలూ ఇవే.

1103పి, 140రు రెండూ సిసిలీ దీవిలో, అంటే ఎండా కరువూ బాగా తెలిసిన చోట తయారైనవి. మా చేలో ఇవి లేవు కాబట్టి ఎక్కువ చెప్పను. బోరు నీళ్ళలో ఈసీ 1 దాటి, చేను కొంచెం పల్లంగా ఉంటే 1103పి వెతకడం మేలు. సుద్ద పొర తగిలే నేలలకు 140రు. మన ఎర్ర గరుసులో సున్నం సమస్య తక్కువ కాబట్టి చాలామందికి దాని అవసరం రాదు.

నా మాట ఒక్క ముక్కలో: గుంతలో మెత్తరాయి, తీపి నీళ్ళు ఉంటే 110ఆర్. మన్ను అడుగు లోపు ఉండి నీళ్ళు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్. ఒకే చేలో పైన ఒకటి, కింద ఒకటి పెట్టడానికి మొహమాటపడకండి. ఏ వేరైనా ఫిబ్రవరి, మార్చిలో ముందు వేరుమొక్క మాత్రమే నాటి, ఆగస్టు, సెప్టెంబరులో చేలోనే అంటు కట్టించండి. ఆ ఆరు నెలల్లో వేరు రాళ్ళ సందులు వెతుక్కుంటుంది.

కటింగ్ ఎప్పుడు: మనకు అసలు పరీక్ష ఇక్కడే

వీడియోలు, పుస్తకాలు నాసిక్ పద్ధతి చెబుతాయి. ఏప్రిల్‌లో కొత్త తీగ కోసం మొదటి కటింగ్, సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో కాపు కోసం కాయ కటింగ్, ఫిబ్రవరి ప్రాంతంలో కోత. నాసిక్‌కు అది సరిపోతుంది. అక్కడ వానాకాలం సెప్టెంబరు చివరికి సర్దుకుంటుంది. మనకు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. ప్రియోరాట్‌లో కరువు అంటే కాయ పెరిగే నెలలన్నీ పొడిగా ఉండటం. మనది వేరే రకం కరువు. నెలల తరబడి ఎండిపోయి, పెద్ద వాన కాస్తా పూత మీద కురుస్తుంది.

2021లో నేను అక్టోబరు 8న కటింగ్ చేశాను. నవంబరు రెండో వారానికి పూత. 18, 19 తేదీల్లో తిరుపతి, చిత్తూరు అంతా మునిగిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగో రోజుకు ఆకు అడుగున తెల్లటి బూజు, ఆరో రోజుకు పూగెలలన్నీ గోధుమ రంగులో వడిలిపోయాయి. తడికి చేలో ట్రాక్టరు దిగలేదు, మందు కొట్టడానికి ఇద్దరం వీపున పంపు వేసుకుని తిరిగాం. ఫలితం లేదు. ఆ ఏడాది ఒక్క గెల కోయలేదు.

తర్వాతి ఏడాది కాయ కటింగ్ నవంబరు 25కు జరిపాను. డిసెంబరు రెండో వారంలో మాండస్ తుపాను వచ్చేసరికి చిగుళ్ళకు రెండు మూడు ఆకులే ఉన్నాయి. రెండుసార్లు మందు కొడితే ఆగింది. పూత జనవరి మొదటి వారంలో పొడి గాలిలో వచ్చింది. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ వచ్చినప్పుడు కన్నులు అప్పుడప్పుడే ఉబ్బుతున్నాయి, దెబ్బ తగల్లేదు.

| కాయ కటింగ్ | పూత | కోత | ఏం లాభం, ఏం నష్టం |
|---|---|---|---|
| అక్టోబరు మొదట్లో | నవంబరు నడుమ | ఫిబ్రవరి చివర | పండేటప్పుడు రాత్రి చల్లదనం బాగుంటుంది, కానీ పూతకు తుపాను ముప్పు |
| నవంబరు చివర | జనవరి మొదట్లో | ఏప్రిల్ మొదటి సగం | పూత క్షేమం, కోతకు ఎండ ఎక్కువ |
| డిసెంబరు నడుమ | జనవరి చివర | ఏప్రిల్ చివర, మే | బూజు భయం చాలా తక్కువ, కానీ మామిడి జల్లులు, వడగళ్ళు, కాయ ముడుచుకోవడం |

నేను నవంబరు చివరికే ఓటు వేస్తాను. దాని ఖరీదు కూడా చెప్పాలి. ఏప్రిల్ ఎండకు పులుపు త్వరగా పడిపోతుంది, రాళ్ళు వేడెక్కి కింది గెలలు కమిలిపోతాయి. ఫ్రాన్స్‌లో గుండ్రాళ్ళు పగటి వేడిని దాచి రాత్రి కాయకు ఇవ్వడం మేలు. మనకు ఆ వేడి అక్కర్లేదు. అందుకే వరసలు ఉత్తర దక్షిణాలుగా పెట్టి, పడమటి వైపు ఆకు కోయకుండా ఉంచాలి. మొదటి గెల నేలకు మూడడుగుల పైన ఉండేలా తీగ కట్టాలి. కోత ఆలస్యమైతే మొదటి కటింగ్ కూడా మే నెలకు జరుగుతుంది. కన్నులో గెల తయారయ్యే రోజులు జూన్ చివర మబ్బుల్లో పడతాయి. మబ్బు ఎక్కువైన ఏడాది దిగుబడి తగ్గుతుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

పైరకం: ఎవరు తట్టుకుంటారు

షిరాజ్ ఎండకు భయపడదు, రంగు బాగా ఇస్తుంది, వైనరీలు అడుగుతాయి. కానీ కోత రోజు దాటితే కాయ చెట్టు మీదే ముడుచుకుంటుంది. బ్రిక్స్ పెరిగిందని సంతోషించేలోపు బరువు పోతుంది. వైనరీ లారీ నాలుగు రోజులు ఆలస్యమైతే నష్టం మనది. కాబట్టి లారీ తేదీ కూడా ఒప్పందంలో రాయించండి.

కాబర్నే సావిన్యో గెల విడివిడిగా, తోలు మందంగా ఉంటుంది. చివరి జల్లులకు కుళ్ళు తక్కువ. దిగుబడి తక్కువ, పండటం ఆలస్యం. నవంబరు చివర కటింగ్ చేస్తే దీని కోత ఏప్రిల్ చివరికి పోతుంది, అది ఇబ్బంది. కుప్పం వైపు 650 మీటర్లు దాటిన ఎత్తులో ప్రయత్నించవచ్చు. చిత్తూరు, తిరుపతి పక్కన పల్లపు మండలాల్లో వద్దంటాను. అక్కడి ఏప్రిల్ రాత్రుల్లో దానికి కావలసిన చల్లదనం ఉండదు.

గ్రెనాష్ గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కరువుకు, గాలికి, రాళ్ళకు పెట్టింది పేరు, ప్రియోరాట్ తోటలు ప్రధానంగా దీని మీదే నడుస్తాయి. కానీ దానికి బూజు తెగులంటే అస్సలు పడదు, గెల బిగువు. మన నవంబరును చూస్తూ నేనైతే ఎకరా పెట్టను, రెండు వరసలు పెట్టి మూడేళ్ళు చూస్తాను.

తెల్ల రకాల్లో షెనిన్ బ్లాంక్ ఒక్కటే మన ఎండలో పులుపు నిలుపుకుంటుంది, కాపు కూడా ఎక్కువ. సావిన్యో బ్లాంక్ వాసన ఏప్రిల్ ఎండకు ఎగిరిపోతుంది.

ఇక బెంగళూరు బ్లూ. దీన్ని చిన్నచూపు చూడకండి. సొంత వేరు మీదే పెరుగుతుంది, మచ్చ తెగులును తట్టుకుంటుంది. బెంగళూరు చుట్టూ దీన్ని ఏటా రెండు పంటలు తీస్తారు, 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాయ తీపి 16 నుంచి 18 బ్రిక్స్ దాకానే. ఘాటైన వాసన వల్ల మంచి టేబుల్ వైన్‌కు పనికిరాదు, పోర్ట్ లాంటి తియ్యటి వైన్‌కు, జ్యూస్‌కు పోతుంది. బూజు తెగులు దీనికీ వస్తుంది, "మొండి రకం" అన్న పేరు చూసి మందు మానొద్దు. వైనరీ కొనకపోయినా మార్కెట్‌లో తినడానికైనా అమ్ముడుపోతుంది. వైన్ రకాల్లో ఈ భరోసా ఇంకే దానికీ లేదు.

పందిరి సంగతి తక్కువలో చెబుతాను. నిలువు తీగల పద్ధతి చాలు, ఆకు గాలాడుతుంది. ఇంగ్లీషు వై (Y) ఆకారపు పందిరి ఖర్చు ఎక్కువైనా నీడ వల్ల కాయ కమలదు, ఏప్రిల్ కోతకు అది మంచిదే. ఇనుప యాంగిల్స్ కొనకండి. మన దగ్గర రాతి కూసాలు చవక, తుప్పు పట్టవు.

మీరెవరు, మీకేది

రెండించుల బోరు, ఎకరా రెండెకరాల మెత్తరాయి, వైనరీ కాగితం చేతిలో ఉంటే, 110ఆర్ మీద షిరాజ్ మూడు వంతులు, షెనిన్ ఒక వంతు పెట్టండి.

కాగితం లేదు, కానీ ద్రాక్ష మీద మనసు పడితే, అర ఎకరా బెంగళూరు బ్లూతో మొదలుపెట్టి కటింగ్, మందు, కోత నేర్చుకోండి.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు వచ్చి చూసుకుంటామనేవాళ్ళు దీని జోలికి రావద్దు. డిసెంబరులో వాన మంగళవారం పడితే శనివారం దాకా బూజు ఆగదు. రోజూ తోటలో నడిచే మనిషి ఉండాలి.

కాసే మామిడి చెట్లు కొట్టేసి ద్రాక్ష పెట్టాలనుకునేవాళ్ళు ఒక్కసారి ఆగండి. అంటు కట్టిన మూడో ఏటికి గానీ ద్రాక్ష ఆదాయం రాదు. చెట్లు ఉంచి, పక్కన వదిలేసిన రాళ్ళ చేనులోనే మొదలుపెట్టండి. అప్పు తెచ్చి పెట్టేవాళ్ళకు కూడా ఇదే మాట. బోరే లేని చేనుకు చింత, సీతాఫలం చాలు, మంచి నేస్తాలు అవి.

పొలం కౌండిన్య అభయారణ్యానికి దగ్గరగా ఉంటే ఏనుగుల సంగతి ఊళ్ళోవాళ్ళకే తెలుసు. తీగలు, కూసాలు ఒక్క రాత్రిలో పీకేస్తాయి. సోలార్ కంచె ఖర్చు లెక్కలో వేయకుండా దిగొద్దు.

చివరిగా, మన మండలాల్లో పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. మనం బూజుకూ పురుగుకూ కొట్టే మందు గాలికి పక్కచేని మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులు చచ్చిపోతాయి, ఆ ఇంటి నెల ఆదాయం పోతుంది. మా పక్కచేనాయనతో నాకు ఒక ఏర్పాటు ఉంది. ఆయన ఆకు కోసే తేదీలు ముందే చెబుతాడు, నేను మందు కొట్టే ముందు రోజు ఫోన్ చేస్తాను. గాలి అటు వీస్తుంటే ఆ పూట పంపు ఎత్తను. అటువైపు హద్దులో మూడు వరసలు ఖాళీగా వదిలేసి అవిశ చెట్లు పెట్టాను, అవి ఇప్పుడు పన్నెండడుగులు లేచాయి.